అన్నా, ఆ భూమికి దస్తావేజు ఉందా?

(భూమి కాగితాల మీద మాలపల్లె, మాదిగపల్లె కలిసి పెట్టుకున్న సభలో ఒక స్కూలు టీచరు చేసిన ప్రసంగ పాఠం)



నేను వకీలును కాను, బళ్ళో పిల్లలకు పాఠాలు చెప్పేవాణ్ణి. అయినా ఈ విషయం నేనే మాట్లాడతానని అడిగి మరీ తీసుకున్నాను. కారణం ఈ కాగితం. వెనక కూచున్నవాళ్ళకు కనపడదు గనక చదివి వినిపిస్తాను. ఒంటి ఠావు, గీతల కాగితం. మడతల దగ్గర చిరిగితే మా అమ్మ అన్నం మెతుకులతో అంటించింది. "పెదచెరువు కింద చింతచెట్టుకు పడమటి చెక్క అరవై సెంట్లు నీకు అమ్మితిని. సొమ్ము యావత్తు ముట్టినది. నేటి నుండి నీవే అనుభవించుకొనవలయును." కింద కామందు సంతకం. సాక్షి ఒక్కడే, అతనూ కామందు బావమరిదే. రాసింది పాత కరణం. కరణాలను 1984లో తీసేశారు గానీ 1986లో కూడా మా ఊళ్ళో కాగితం రాయాలంటే ఆ చెయ్యే కావాలి. సర్వే నంబరు లేదు, నాలుగు హద్దులు లేవు, స్టాంపు లేదు. ఇది మా నాయన భూమి. అంటే, మా నాయన భూమి అనుకున్నది.

ఆ అరవై సెంట్ల ఖరీదు మూడేళ్ళ పాలేరు జీతంలో మిగిల్చిన వడ్లు, ఒక పాడిగేదె. మా నాయన వేలిముద్రగాడే గానీ తెలివితక్కువవాడు కాదు. "అయ్యా, స్టాంపు కాగితం మీద రాయించి రిజిస్టరు చేయిద్దామా" అని అడిగాడు. కామందు నవ్వి, "ఏరా, నా నోటిమాట కంటే కాగితం ఎక్కువైందా నీకు?" అన్నాడు. నాయన తల దించుకున్నాడు. అదే కామందు ఆ మరుసటేడు సొంత తోడల్లుడి దగ్గర రెండెకరాలు కొన్నాడు. అప్పుడు మాత్రం బండి కట్టించుకుని, పంచె మార్చుకుని, రిజిస్టరాఫీసుకు పోయి దస్తావేజు రాయించుకుని వచ్చాడు. ఆ బండి తోలింది మా నాయనే.

ఇది గుర్తుపెట్టుకోండి. వాళ్ళలో వాళ్ళు భూమి కొనుక్కునేటప్పుడు నోటిమాట చాలదు. మనం కొనేటప్పుడు మాత్రం మాట మీద నమ్మకం ఉండాలంటారు. మనం కాగితం అడిగితే అది పొగరు.

చట్టం ఏమంటుందో చూద్దాం. 1882లో తెల్లదొరలు చేసిన ఆస్తి బదిలీ చట్టం ఇప్పటికీ అమల్లోనే ఉంది. దాని 54వ సెక్షన్ ప్రకారం వంద రూపాయలూ, అంతకు పైనా విలువ చేసే స్థిరాస్తి అమ్మకం రిజిస్టరైన దస్తావేజు ద్వారానే జరగాలి. వంద రూపాయలకు ఇవాళ సెంటు భూమిలో గరిక కూడా రాదు. కాబట్టి ఏ చెక్కయినా రిజిస్టరు కావాల్సిందే. డబ్బు మొత్తం ఇచ్చినా, పదేళ్ళు దున్నుకున్నా, ఊరంతా "అది ఫలానావాడిదే" అన్నా, రిజిస్టరు కాకపోతే చట్టం దృష్టిలో అమ్మకం జరగలేదు. ఇక అగ్రిమెంటు అంటారే, అది ముందుముందు అమ్ముతాననే మాట మాత్రమే. దానివల్ల భూమి మీద హక్కు పుట్టదని అదే 54వ సెక్షన్ చెబుతుంది. శిస్తు రసీదులూ, అడంగల్‌లో పేరూ, కరెంటు బిల్లూ సాగులో ఉన్నామనడానికి పనికొస్తాయి. భూమి మనదైందనడానికి చాలవు.

మా ఇంటి సంగతి ముగిస్తాను. కామందు పోయాడు. 1996లో ఆయన కొడుకులు మా చెక్కను పక్కూరి ఆసామికి అమ్మి రిజిస్టరు చేసిచ్చారు. నేనప్పుడు పదో తరగతి. పొద్దున్నే ట్రాక్టరు వచ్చింది. నాయన ఈ కాగితం తలపాగాలో పెట్టుకుని స్టేషనుకు పోతే అక్కడొకాయన చూసి, "ఇది చిత్తుకాగితంరా, పో" అన్నాడు. నాయన గట్టు దిగి వచ్చేశాడు.

తర్వాత చాలా ఏళ్ళకు, నాకు ఉద్యోగం వచ్చాక, చట్టాల పుస్తకాలు తెచ్చుకుని చదివితే తెలిసింది. ఆ రోజు గట్టు దిగాల్సిన పని లేదు! అదే 1882 చట్టంలో 53ఏ అని ఒక సెక్షన్ ఉంది. అమ్మేవాడు సంతకం పెట్టిన కాగితం ఉండి, ఆ కాగితాన్ని బట్టి మనం స్వాధీనంలోకి వచ్చి, మనం ఇవ్వాల్సింది ఇచ్చి ఉంటే, అమ్మినవాడు గానీ అతని వారసులు గానీ మనల్ని వెళ్ళగొట్టడానికి లేదు. అది మనకు డాలు, కత్తి కాదు. దానితో హక్కు రాదు గానీ ఉన్నచోట నిలబడొచ్చు. తర్వాత కొన్నవాడికి కూడా, ఆ భూమిలో ఇంకొకడు దున్నుకుంటున్నాడని కళ్ళకు కనపడుతున్నప్పుడు, "నాకు తెలియదు" అనే సాకు చెల్లదు.

అంతే కాదు. దస్తావేజు రాసిమ్మని కోర్టుకు పోవడానికి మూడేళ్ళ గడువుంది. కాగితంలో తేదీ ఏదీ పెట్టకపోతే ఆ మూడేళ్ళూ మొదలయ్యేది అవతలివాడు "ఇవ్వను" అన్నట్టు మనకు తెలిసిన రోజు నుంచి. మాకు 1996లో తెలిసింది. అంటే 1999 దాకా దావా వేసే దారి ఉంది. రిజిస్టరు కాని దస్తావేజు అమ్మకానికి రుజువు కాకపోయినా, ఇలాంటి దావాలో ఒప్పందానికి రుజువుగా చూడొచ్చని రిజిస్ట్రేషన్ చట్టం 49వ సెక్షన్‌లోనే మినహాయింపు ఉంది. స్టాంపు లేని కాగితానికి లోటు డ్యూటీ, దానికి పది రెట్ల జరిమానా కట్టాకే కోర్టు చూస్తుంది. ఖర్చే, కాదనను. అయినా దారి ఉంది. ఆ మూడేళ్ళూ మేం కామందు కొడుకుల అరుగు ముందు నిలబడి గడిపాం.

ఒక హెచ్చరిక. ఈ 53ఏ డాలు ఇప్పుడు అంత తేలిగ్గా దొరకదు. 2001 సెప్టెంబరు 24 నుంచి, స్వాధీనం ఇచ్చే అగ్రిమెంటు కూడా రిజిస్టరైతేనే ఆ రక్షణ. కాబట్టి ఈ మధ్య తెల్లకాగితాల మీద కొన్న తమ్ముళ్ళు ఉంటే, అమ్మినవాడు బతికుండగానే, మాట మంచిగా ఉండగానే, దస్తావేజు రాయించుకోండి. "వచ్చే సంక్రాంతికి చూద్దాంలే" అనొద్దు. తెలంగాణలో ఇలాంటి కాగితాన్ని సాదాబైనామా అంటారు. అక్కడ 2025లో వచ్చిన భూభారతి చట్టంలో, 2014 జూన్ 2కు ముందు కొని, పన్నెండేళ్ళుగా సాగులో ఉండి, 2020 చివర్లో పెట్టిన గడువులో దరఖాస్తు చేసుకున్న చిన్నరైతులకు దారి తెరిచారు. అప్పుడు దరఖాస్తు పెట్టనివాళ్ళు బయటే మిగిలారు. ప్రభుత్వాలు ఇలాంటి తలుపులు అప్పుడప్పుడు తీస్తాయి, మళ్ళీ మూస్తాయి. తలుపు ఎప్పుడు తీశారో చివరగా తెలిసేది మన పల్లెకే.

జీపీఏ సంగతి కూడా చెప్పాలి. టౌను పక్క ఇళ్ళస్థలాలు కొనే పిల్లలు వినండి. "జీపీఏ రాసిస్తాం, అదీ అమ్మకమే" అని బ్రోకర్లు చెబుతారు. జీపీఏ అంటే నా తరఫున నువ్వు పని చెయ్యి అనే అధికారం. ఇచ్చినవాడు పోతే మామూలు జీపీఏ అతనితోపాటే పోతుంది. 2011 అక్టోబరులో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు, జీపీఏతో, అగ్రిమెంటుతో, వీలునామాతో జరిపే అమ్మకాలు అమ్మకాలు కావని తేల్చింది.

ఇక సక్రమంగా కొనడం ఎలాగో చెబుతాను. అమ్మేవాడిదే భూమి అని మొదట తేలాలి. అతనికి ఎలా వచ్చిందో చూపించే పాత దస్తావేజు అడగండి. రిజిస్టరాఫీసులో ఈసీ తీయించండి. ఎన్నేళ్ళ వెనక్కి తీయిస్తే అంత మంచిది. ఆ భూమి మీద రిజిస్టరైన అమ్మకాలూ తనఖాలూ అందులో కనపడతాయి. దస్తావేజుల నకళ్ళు మోతుబరికే ఇస్తారని ఎవరైనా అంటే నమ్మకండి, ఫీజు కడితే ఎవరికైనా ఇవ్వాలి. అడంగల్, 1బి కూడా చూడండి. 22ఏ జాబితాలో ఆ సర్వే నంబరు ఉందేమో అడగండి. ఉంటే రిజిస్టరు చెయ్యరు. పిత్రార్జితమైతే కొడుకుల సంతకాలతో సరిపెట్టకండి. మన రాష్ట్రంలో 1985 నుంచీ, దేశమంతటా 2005 నుంచీ హిందూ కుటుంబాల్లో ఆడపిల్లలకు సమాన వాటా ఉంది. అక్కచెల్లెళ్ళ సంతకం లేకుండా కొంటే రేపు వాళ్ళు దావా వేస్తారు. వెయ్యడం న్యాయం కూడా. మైనరు పిల్లల వాటా ఉంటే జాగ్రత్త.

దస్తావేజులో సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు దిక్కుల హద్దులు ఉండాలి. చింతచెట్టు హద్దు కాదు. మా చింతచెట్టును ఆసామి కొట్టించేశాడు. ఇప్పుడు నేను పోయి వెతికినా ఆ చెక్క ఏదో చూపించలేను. స్టాంపు డ్యూటీ, ఫీజులూ కలిపి నూటికి ఏడున్నర రూపాయల దాకా అవుతాయి. అది తగ్గించుకోవడానికి ఇచ్చిన సొమ్ములో సగమే రాస్తారు. తగాదా వచ్చి డబ్బు వెనక్కి అడగాల్సి వస్తే, రాయని సగం ఇచ్చినట్టు మీరెలా రుజువు చేస్తారు?

దస్తావేజు మీద సంతకమైన రోజు నుంచి నాలుగు నెలల్లో రిజిస్టరాఫీసులో దాఖలు చెయ్యాలి. ఆ తర్వాత ఇంకో నాలుగు నెలలు జరిమానాతో ఒప్పుకోవచ్చు. సంతకం పెట్టినవాడు ఆఫీసుకు రానని మొండికేస్తే, కొన్నవాడే దస్తావేజు దాఖలు చేసి, అతన్ని పిలిపించమని అడగొచ్చు. ఈ సంగతి మన వాళ్ళలో నూటికి ఒక్కరికి తెలిసినా గొప్పే. రిజిస్టరయ్యాక పాసుపుస్తకంలో పేరు మార్పించుకోవడం మర్చిపోకండి.

ఇప్పుడు అమ్మేవాళ్ళకు ఒక మాట. ఎందుకంటే మన పల్లెల్లో కొన్నవాళ్ళ కంటే పోగొట్టుకున్నవాళ్ళే ఎక్కువ. 54వ సెక్షన్‌లో ఒక సంగతి ఉంది. అమ్మకానికి డబ్బు చేతికి రావాలని లేదు. "ఇస్తాను" అన్నా, కొంత ఇచ్చినా, దస్తావేజు రిజిస్టరైతే భూమి పోయినట్టే. తర్వాత మిగతా సొమ్ము కోసం దావా వేసుకోవచ్చు, ఆ సొమ్ముకు భూమి మీద బాధ్యత కూడా ఉంటుంది. కానీ దస్తావేజులో "సొమ్ము యావత్తు ముట్టినది" అని రాసి మీచేత వేలిముద్ర వేయిస్తారు. ముట్టలేదని నిరూపించాల్సింది ఇక మీరే. సబ్‌రిజిస్ట్రారు మిమ్మల్ని పిలిచి, "ఇది నువ్వు రాసిచ్చిందేనా? డబ్బు ముట్టిందా?" అని అడుగుతాడు. వెనక కామందు మనిషి నిలబడి ఉంటాడు. మనం "ఆఁ" అంటాం. అక్కడ "నేను రాయలేదయ్యా, నాకు చదివి వినిపించలేదు" అంటే ఆయన రిజిస్టరు చెయ్యకూడదు. ఆ ఒక్క నిమిషం మీ చేతిలో ఉంది. పక్కన మన పిల్ల ఒకత్తి, పది చదివినా సరే, ఉండాలి. సాక్షులు మన మనుషులై ఉండాలి. అప్పుకు కాగితం అని చెప్పి అమ్మకం రాయించుకున్నారని తర్వాత తెలిస్తే, తెలిసిన రోజు నుంచి మూడేళ్ళలో రద్దుకు దావా వెయ్యాలి.

(ఇక్కడ ఒక పెద్దమ్మ లేచి అడిగింది: "అబ్బాయ్, మా మామకు గవర్నమెంటోళ్ళు ఎకరన్నర పట్టా ఇచ్చారు. మా ఆడబిడ్డ పెళ్ళికి కామందు దగ్గర డబ్బు తెచ్చి కాగితం మీద వేలు వేశాడు. అప్పటినుంచీ వాళ్ళే దున్నుతున్నారు. డబ్బు తిన్నాం గదా, ఇప్పుడు అడిగితే ధర్మమా?")

పెద్దమ్మా, ఈ సభ పెట్టిందే నువ్వడిగిన దానికోసం.

ఇందాకటి నుంచీ నేను రిజిస్టరు కావాలి, రిజిస్టరు కావాలి అన్నాను. మీ మామ భూమికి రిజిస్టరు చేసినా చెల్లదు. అది డి-పట్టా, అసైన్డ్ భూమి. ఆంధ్ర ప్రాంతంలో 1954 జూన్ 18 జీవో నుంచీ, అమ్మకూడదనే షరతుతోనే ఇలాంటి పట్టాలు ఇస్తూ వచ్చారు. 1977లో అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం వచ్చింది. అమ్మకం, తనఖా, కౌలు, దానం, మార్పిడి, అమ్ముతాననే అగ్రిమెంటు, ఏ పేరుతో బదిలీ చేసినా చెల్లదని అందులో ఉంది. బ్యాంకుకో సహకార సంఘానికో పెట్టే తనఖాకు మాత్రం మినహాయింపు. శిక్ష ఎవరికో తెలుసా? వేలిముద్ర వేసినవాడికి కాదు, కొన్నవాడికి. కొన్నవాణ్ణి ఖాళీ చేయించి, భూమిని పట్టాదారుకో అతని వారసులకో తిరిగి అప్పగించాలని 4వ సెక్షన్. 1977కు ముందు మంచి నమ్మకంతో డబ్బిచ్చి కొన్న భూమిలేని పేదవాడికి ఒక మినహాయింపు ఉంది. కామందు భూమిలేని పేదవాడు కాదు గదా!

"డబ్బిచ్చి కొన్నవాళ్ళ గతేమిటి, ఇది అన్యాయం" అని వాళ్ళ వకీళ్ళు అంటారు. కర్ణాటకలో దళితులకూ గిరిజనులకూ ఇచ్చిన భూముల మీద 1978లో ఇలాంటి చట్టమే వస్తే ఇదే వాదనతో సుప్రీంకోర్టు దాకా పోయారు. 1984లో మంచెగౌడ కేసులో కోర్టు ఆ చట్టం సరైనదేనని చెప్పింది. ఇక ధర్మం మాటంటావా, ఇన్నేళ్ళ పంట ఎవరి గాదెలోకి పోయిందో లెక్క వేస్తే పెళ్ళి అప్పు ఎన్నిసార్లు తీరిందో నీకే తెలుస్తుంది.

దరఖాస్తు తహసీల్దారుకు పెట్టాలి. పట్టా కాగితం పోతే భయపడకండి. తహసీలు ఆఫీసులో అసైన్‌మెంటు రిజిస్టరు ఉంటుంది, నకలు అడగండి, ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి. బెదిరించి, లేదా దొంగ రికార్డు పుట్టించి భూమి లాక్కుంటే 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు కూడా ఉంది. భయపెట్టి తీసుకున్న ఒప్పుకోలు ఒప్పుకోలు కాదని 2015 సవరణలో విడమరిచి చెప్పారు. ఒక్కసారి తిరిగి వచ్చిన భూమిని మళ్ళీ అమ్మితే మాత్రం మీకు తిరిగి ఇవ్వరు, ప్రభుత్వం తీసుకుంటుంది.

ఇప్పుడు కొత్త చిక్కొకటి. మన ఆంధ్రప్రదేశ్‌లో 2023లో చట్టం మార్చి, ఇచ్చి ఇరవై ఏళ్ళు దాటిన సాగుభూములను అసలు పట్టాదారులు, వాళ్ళ వారసులు అమ్ముకోవచ్చన్నారు. 2024లో కొత్త ప్రభుత్వం వచ్చి ఆ రిజిస్ట్రేషన్లు ఆపించి విచారణ పెట్టింది. ఇవాళ ఏ స్థితిలో ఉందో ఆఫీసులో అడిగే ముందడుగు వెయ్యండి. అమ్ముకునే హక్కు వస్తే మంచిదే అనే మిత్రులు మనలో ఉన్నారు. ఎప్పటికీ అమ్ముకోలేని భూమి ఏం భూమి అని వాళ్ళ వాదన. అందులో న్యాయం లేకపోలేదు. కానీ నా భయం వేరు. కామందుల ట్రంకు పెట్టెల్లో పాత కాగితాలు అలాగే ఉన్నాయి. తాత వేలిముద్ర వేసిన కాగితాన్ని, ఇవాళ మనవడి చేత రిజిస్టరు చేయించుకుని సక్రమం చేసుకోవడానికి చూస్తారు. "నాలుగు డబ్బులిస్తాం, ఒకసారి ఆఫీసుకొచ్చి వేలు పెట్టిపో" అని ఇంటికి కారు వస్తుంది. ఆ కారెక్కే ముందు సంఘంలో ఒక మాట చెప్పండి.

మన వాళ్ళ తప్పూ ఒకటి చెప్పాలి. ఉద్యోగం వచ్చిన మన పిల్లలు, కాస్త నిలదొక్కుకున్న మన పెద్దలు, సాటి దళితుడి డి-పట్టా చవగ్గా వస్తుందని కొంటున్నారు. నాకు ఉద్యోగమొచ్చిన ఏడాదే మా చిన్నాన్న వరసాయన ఎకరం తీసుకోమని వచ్చాడు. కూతురికి ఆపరేషను. నేను తీసుకోలేదు, చేతనైనంత అప్పిచ్చాను. మా ఆవిడ ఇప్పటికీ ఆ ఎకరం సంగతి ఎత్తుతుంది. జీతగాడు కొన్నా కామందు కొన్నా చట్టానికి ఒకటే. ఆ కుటుంబానికీ ఒకటే.

ఇక మాటలు చాలు. ఇంటికి పోయి దూలం మీద, బియ్యం డబ్బాలో, దేవుడి పటం వెనక పెట్టిన కాగితాలన్నీ తియ్యండి. చెదలు పట్టినా పారెయ్యొద్దు. ఎల్లుండి సోమవారం గ్రీవెన్సు ఉంది. ఏడున్నరకు రావిచెట్టు దగ్గర రెండు ఆటోలు పెడుతున్నాం. డి-పట్టాలవాళ్ళు మొదటి ఆటో, తెల్లకాగితాలవాళ్ళు రెండోది. దరఖాస్తులు రేపు రాత్రికి బళ్ళో కూచుని నేనూ, ఇంటర్ చదివే పిల్లలూ రాసిపెడతాం. పెద్దమ్మా, నీ మామ పేరు, ఊళ్ళో ఆ చెక్కను ఏమని పిలుస్తారో ఇప్పుడే చెప్పు, రాసుకుంటాను. సర్వే నంబరు వీఆర్వో దగ్గర నేను తీయిస్తాను.

జై భీమ్.